తప్పిపోయే మనిషి

ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ ఆమె అంది, "నేనలా ఒడ్డు వెంట నడిచొస్తాను."

వరండాలో పేపరు చదువుతున్న భర్త తలెత్తకుండానే నవ్వాడు. "ఒక్కదానివేనా? మరి వెతకడానికి ఎవర్ని పంపమంటావు?"

పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆడపడుచు ఆ నవ్వు అందుకుంది. "వదినా, ఎందుకైనా మంచిది, అడ్రసు రాసి మెళ్ళో కట్టుకుని వెళ్ళు."

వాళ్ళ చుట్టాల్లో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలో భర్తతో బజారుకు వెళ్ళి ఆమె తప్పిపోయింది. చీకటి పడేవేళకి ఒక గొడుగుల కొట్టు ముందు ఏడుస్తూ దొరికింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆమె తప్పిపోయే మనిషి. ఏ పెళ్ళికి వెళ్ళినా భర్త ఆ కథ చెప్పేవాడు, చెప్పిన ప్రతిసారీ ఆ కథలో ఆమె ఇంకాస్త ఎక్కువ ఏడ్చేది. చివరికి కథ ఆమె ఆఫీసుకీ చేరింది. పాల కంపెనీలో లెక్కలు చూసే ఆమెకి, ఊరూరా తిరిగి బ్రాంచీలు తనిఖీ చేసే ఉద్యోగం వచ్చే అవకాశం ఉన్నప్పుడు మేనేజరే అన్నాడు: "మీకెందుకమ్మా ఆ తిప్పలు, మీవారు అంతా చెప్పారులే." ఆమె తర్వాత చేరిన కుర్రాడికి ఆ ఉద్యోగం వచ్చింది. ఆమె వాడికి స్వీటు కూడా కొనిచ్చింది.

ఇప్పుడు ఈ సముద్రం పక్కనున్న ఊరికి అందరూ కలిసి వచ్చారు. అందరికీ సెలవులు, ఆమెకి మాత్రం పొయ్యి మారింది. కిటికీలోంచి గుట్ట మీదకి పాకే సన్నటి కాలిబాట కనిపిస్తూనే ఉంది. వచ్చినప్పటినుంచీ వెళ్దాం అంటూనే ఉంది. రేపు చూద్దాంలే అంటూనే ఉన్నారు.

ఆమె కత్తి కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. బూట్లు వేసుకుంది.

"ఉల్లిపాయలు సగం తరిగాను. మిగతావి మీలో ఎవరైనా చూసుకోండి," అని గడప దాటింది. వెనక నవ్వు ఇంకా ఆగలేదు.

ఊరంటే ఎంతో లేదు. సముద్రం వైపు దిగే ఒకే వీధి. ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడిన గోడలు, వాటిమీద ఆరేసిన వలలు, ఒక మంగలి దుకాణం, దాని మెట్టు మీద ఎవరినీ లెక్కచేయకుండా పడుకున్న పిల్లి. వీధి మూడు సందులుగా చీలిన చోట ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఎందుకాగానా అని ఆలోచిస్తే తెలిసింది. ముందు వెళ్ళే చొక్కా కోసం చూస్తోంది. నీలం చొక్కానో, గళ్ళ చొక్కానో, అది ఎటు తిరిగితే అటు తిరగడానికి. ఇన్నేళ్ళూ తను చూసింది దారిని కాదు, ఆ వీపుని. ఏ వీధిలో ఏ కొట్టుందో, ఎక్కడ మలుపుందో ఇక కళ్ళకెలా అందుతుంది? గాలి ఎడమ సందులోంచి వస్తోంది. ఆమె ఎడమకి తిరిగింది.

సందు చివర, బోర్లించిన పడవల నీడలో ఒకామె వల బాగుచేస్తోంది.

"గుట్ట మీది దారి ఎటమ్మా?"

"ఈ పడవలు దాటగానే పైకెక్కుతుంది. లైట్‌హౌసు దాకా పోవచ్చు. దాని అవతల ఇంకో ఊరు. ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నే." ఇక నవ్వుతుందేమోనని చూసింది.

"హాయి," అంది వలామె. "మావాళ్ళతో వెళితే నాకు సముద్రం వినపడదు, వాళ్ళ గోలే వినపడుతుంది."

దారి పైకెక్కింది. ఒకవైపు గడ్డివాలు, ఇంకోవైపు కింద ఎక్కడో నురగ. మోకాళ్ళు మూలిగాయి, ఊపిరి అందలేదు, అయినా ఆగాలనిపించలేదు. పెద్ద రాళ్ళ దగ్గర దారి రెండయింది. కిందిది వెడల్పుగా, నడవడానికి సుఖంగా ఉంది. అడగడానికి మనిషి లేడు. ఆమె నిలబడి చూసింది. కింది రాళ్ళు మనిషి నడుమెత్తు దాకా తడిసి ఉన్నాయి, పగుళ్ళలో పచ్చి నాచు వేలాడుతోంది. సముద్రం ఇక్కడిదాకా వస్తుందన్నమాట. పై దారి పట్టింది. మలుపు తిరిగి వంగి చూసేసరికి కింది దారి మీద అల విరిగి, రాళ్ళ మధ్యకి నీళ్ళు దూసుకొచ్చాయి. ఆమెకి భయం వేయలేదు. తన కళ్ళు తనకి పనికొచ్చాయి.

ఆ ధైర్యంలోనే కాబోలు, బజారు రోజు మొత్తంగా గుర్తొచ్చింది. గొడుగుల కొట్టు ముందు భర్త ఆగి, "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అన్నాడు. అక్కడే ఉంది. ఎండ తగ్గింది, కొట్లలో దీపాలు వెలిగాయి, అక్కడే ఉంది. దాహమేసినా కదల్లేదు. ఇంటికొచ్చాక అతను అందరితో "తప్పిపోయింది" అన్నాడు. కొత్త కోడలు కాదనలేదు. మర్నాడు అతని చొక్కా ఉతకబోతే జేబులో సినిమా టికెట్టు ముక్క దొరికింది. దాన్ని నలిపి పారేసి, చొక్కా ఉతికి ఆరేసింది. ఆ తర్వాత ఆ కథ విని విని తనే నమ్మేసింది.

గాలిలో నిలబడి పైకే అంది: "కదలని మనిషి ఎలా తప్పిపోతుంది?"

లైట్‌హౌసు చేరి, దాని గోడకి వీపు ఆనించింది. నడిచొచ్చిన దారంతా కింద పరుచుకుని ఉంది, ప్రతి మలుపూ తనకి తెలిసినదే. అవతల ఇంకో ఊరి పెంకుటిళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. మడమ మీద బొబ్బ మండుతోంది. ఆ మంట కూడా బాగుంది.

తిరిగొచ్చేసరికి టేబుల్ మీద బ్రెడ్డు ముక్కలున్నాయి. తరిగినంతవరకే ఉల్లిపాయలున్నాయి.

"ఎక్కడ తప్పిపోయావు?" అన్నాడు భర్త. గొంతులో ఈసారి నవ్వు లేదు.

"తప్పిపోలేదు. ఆ రోజూ తప్పిపోలేదండీ. గొడుగుల కొట్టు ముందు నన్ను ఉండమని మీరు సినిమాకి వెళ్ళారు. ఉండమన్న చోటే ఉన్నాను."

ఆడపడుచు చేతిలో బ్రెడ్డు ముక్క ఆగిపోయింది. "సినిమాకా, అన్నయ్యా?"

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నాడతను పేపరు మడుస్తూ.

"పొద్దున మీరేగా తీశారు," అందామె. కుర్చీ లాక్కుని కూర్చుని, బ్రెడ్డు తీసుకుని తింది. వంట మాట ఎవరూ ఎత్తలేదు. ఆడపడుచు లేచి మిగిలిన ఉల్లిపాయల ముందు కూర్చుంది.

సెలవులయిపోయిన రోజు సామాన్లు కారులో సర్దుతుంటే ఆమె చిన్న సంచీ ఒకటి పక్కకి తీసి భుజానికి తగిలించుకుంది.

"మీరు కారులో వెళ్ళండి. నేను గుట్ట మీదుగా అవతలి ఊరిదాకా నడిచి, అక్కణ్ణుంచి బస్సులో వస్తాను. రేపు ఆఫీసులో మేనేజరుతో మాట్లాడాలి, బ్రాంచీల ఉద్యోగం గురించి. నడుస్తూ ఆలోచించుకుంటాను."

భర్త కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "అసలు బస్సు ఎక్కడాగుతుందో తెలుసా నీకు?"

"తెలీదు," అంది ఆమె, అప్పటికే నడుస్తూ. "అడిగి తెలుసుకుంటాను."