నొప్పి ఒప్పుకున్న మాస్టారు

టైలరు షాపులో కటింగ్ మాస్టారి కుడిచేయి నెల రోజులుగా ఆయన మాట వినడం మానేసింది. కత్తెర పట్టగానే మెడ నుంచి బొటనవేలి దాకా సలుపు, ఆపైన తిమ్మిరి. కోత బల్ల దగ్గర ఇప్పుడు బావమరిది నిలబడుతున్నాడు. అతను కోస్తే ప్యాంటుకు రెండు కాళ్లూ ఉంటాయి గానీ, అవి ఒకే మనిషివని చెప్పలేం.

నరాన్ని మెల్లగా కదిలిస్తే అది నొప్పికి ఉలిక్కిపడే గుణం తగ్గవచ్చనీ, తగ్గకపోతే ఆపరేషన్ సంగతి చూడాలనీ ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పింది. చేయి పక్కకు చాపి, మణికట్టు వెనక్కి వంచి, తల అటూ ఇటూ వాల్చడమే వైద్యం. పైజామాలో బొందు జారినట్టు నరం తన దారిలో జారాలట. మాస్టారికి ఇట్టే బోధపడింది. బొందు బిగుసుకుంటే పైజామాకే కాదు, పరువుకూ ప్రమాదమే.

మొదటి రోజు ఆమె ముల్లున్న మీటరు తెచ్చింది. ముల్లంటే గుచ్చేది కాదు, గడియారంలోలా తిరిగేది; గట్టిగా నొక్కేకొద్దీ ముందుకు పోతుంది. దాంతో ముంజేతిని నొక్కుతూ, ఒత్తిడి నొప్పిగా మారగానే చెప్పమంది. మాస్టారు అది తన పౌరుషానికి పెట్టిన పరీక్ష అనుకున్నాడు. నొప్పిని ఒప్పుకోవడం తప్పనుకుని పళ్లు బిగించి, ముల్లు సగం దాటాక, ఎవరికో ఉపకారం చేస్తున్నట్టు "ఊఁ" అన్నాడు.

రెండు వారాల్లో సలుపు సడలింది, నిద్ర పట్టింది. ఆ ధీమాలో, మళ్లీ నొక్కినప్పుడు వీరత్వం మరిచి, నొప్పి పుట్టగానే నొప్పి అనేశాడు. ముల్లు పావు దగ్గరే ఆగింది. డాక్టరమ్మ నుదురు ముడిపడింది. ఇంత కొద్ది ఒత్తిడికే నొప్పంటే తగ్గాల్సిన ఉలికిపాటు పెరిగినట్టుందనీ, ఈ కసరత్తు ఆపి సర్జన్ దగ్గరకు పంపుతాననీ అంది.

మాస్టారు ఇరుకున పడ్డాడు. నిజం చెబితే పరువు పోతుంది, దాచితే చేయి కత్తి కిందికి పోతుంది. పక్కనే భార్య కూడా ఉంది.

"అమ్మా, మొదటి రోజు అబద్ధమాడాను. ముల్లు కదలగానే ప్రాణం పోయింది. ఆడమనిషి ముందు అరవడమెందుకని ఓర్చుకున్నా."

"ఇంట్లో దుప్పటి తగిలినా అరుస్తారుగా," అంది భార్య. "మరి నేనెవర్ని?"

డాక్టరమ్మ నవ్వలేదు. దొంగ కొలతతో చొక్కా కుట్టినా, వైద్యం చేసినా ఒకటేనని చురక అంటించి, పాత అంకె కొట్టేసింది. ఇవాళ్టిదే మొదటి కొలత అంది. అప్పటికప్పుడు నరం జారించే కసరత్తు చేయించి, మళ్లీ నొక్కింది. ఆయన నొప్పి అనేసరికి ముల్లు పావు దాటి ఇంకాస్త ముందుకు పోయింది.

"కొంచెమే మాస్టారూ. ఇదైనా ఎంతకాలం నిలుస్తుందో చూడాలి. ఆపరేషన్ మాట మాత్రం ఇప్పుడొద్దు."

మాస్టారు ఊపిరి వదిలాడు. భార్య కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇంకోసారి నొక్కండమ్మా. పెళ్లయ్యాక ఈయన నిజం చెప్పడం ఇవాళే చూస్తున్నా."