తడి వేళ్ల ఫైలు

తొంభైనాలుగు శాతం దగ్గర బిల్డ్ మళ్ళీ చచ్చింది.

బాబాయ్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు, తప్పంతా అద్దాల మీది మరకదే అన్నట్టు. తెర మీద ఎర్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి. వేలి తాకిడిని తెరకు తెలిపే టచ్ ఫైలు దొరకలేదట. మధ్యాహ్నం రెండైంది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. యాభైనాలుగేళ్ళు, చెవుల పక్కన నెరిసిన జుట్టు, మడతపెట్టి మడతపెట్టి మోచేతుల దగ్గర వెలిసిపోయిన నీలం చొక్కా. యంత్రాలకు బిగించే చిన్న తెరలు ఈ కంపెనీ చేస్తుంది. ఆ తెరల మీద బటన్లూ అంకెలూ గీసే ఫ్రేమ్‌వర్క్‌ను ఎవరో ఎక్కడో రాసి లోకానికి ఊరికే ఇచ్చేశారు. ఒకే సోర్సు కోడు, మూడు రకాల తెరల మీద నడవాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ లక్షల లైన్లను మొదటి నుంచీ యంత్రాలకు అర్థమయ్యేలా కంపైల్ చేసి, మూడు మూటలు కట్టి ఇచ్చే ఈ బిల్డే పదకొండేళ్ళుగా ఆయన పని. మొదటి రెండు మూటలూ ఇప్పుడు వాటంతటవే కట్టుకుంటున్నాయి. పాత తెరలకు వెళ్ళే మూడోది మాత్రం ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. ఆయన కాంట్రాక్టు కూడా ఆ మూడోదాన్ని పట్టుకునే ఏటేటా వేలాడుతోంది.

ఇన్నాళ్ళూ అది బల్ల కింది పాత కంప్యూటర్లో తయారయ్యేది. వేడెక్కి ఆగిపోతుందని దాని మీదికి ఒక చిన్న టేబుల్ ఫ్యాను తిప్పి ఉంచేవాడు. ఆ పాతది ఇవాళ తుక్కులోకి పోతోంది.

"కొత్తదాని మీద ఐదులోపు వచ్చేస్తే సరే బాబాయ్. లేకపోతే మూడోది వదిలేద్దామంటున్నారు పైవాళ్ళు," అని టీమ్ లీడ్ పొద్దున్నే చెప్పింది. ముప్పై దాటని పిల్ల. గొంతులో గౌరవం ఉంది, చూపు మాత్రం ఫోన్లో ఉంది.

గోడకు అంటించిన కాగితం మీద, నెల సరుకుల చీటీలా, ఆయన చేతిరాతలో నలభై లైన్లున్నాయి. ఏది ఆన్ చేయాలి, ఏది ఆఫ్ చేయాలి, ఏ ఫోల్డరు ఎక్కడుండాలి. ఒక్కటీ వదలకుండా కొత్తదానిలో కొట్టాడు. మొదటిసారి మొదలెట్టకముందే మొరాయించింది. రెండోసారి డిస్క్ నిండిపోయింది. మూడోసారి ముక్కలన్నీ కలిపి కుట్టే చోట మెమొరీ చాలక కంప్యూటరే కొయ్యబారింది. ఒళ్ళు మండి అందులో తెరిచున్నవన్నీ మూసిపారేశాడు, మెయిల్‌తో సహా. బిల్డ్ తప్ప ఇంకేదీ ఊపిరి తీసుకోకూడదన్నట్టు.

ఇప్పుడిది.

ఫోన్ మోగింది. అక్క. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పెద్ద మెషీన్లు నడుపుతుంది. వాటికున్నవి ఆ పాత తెరలే.

"ఒరే, నీ తెర మళ్ళీ బిగుసుకుపోయింది."

"ఆపి మళ్ళీ వెయ్యక్కా."

"వేశాను. మళ్ళీ బిగుసుకుంది. లోపల నలభై దుప్పట్లు నానుతున్నాయి, ఇక్కడ నేను దాన్ని బతిమాలుతున్నాను."

"కొత్త వెర్షన్‌తో పోతుందది. దాని మీదే ఉన్నా."

"పోయిన నెలా ఇదే చెప్పావు. రికార్డు చేసుకోనా, రోజూ పెట్టుకుని వింటాను?"

పెట్టేసింది.

బాబాయ్ పాత కంప్యూటర్లో వెతకడం మొదలుపెట్టాడు. గంటన్నర తర్వాత దొరికింది ఆ ఫైలు, ఏ ఫైలూ ఉండకూడని మూల. ఎవడో చేత్తో తెచ్చి పడేశాడు. ఎక్కడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.

"ఏ బుద్ధిలేని వెధవ పెట్టాడురా ఇక్కడ," అని పళ్ళు నూరాడు. "వీడికి ఉద్యోగం ఎవడిచ్చాడు?" ఆ వెధవను, వాడికి చదువు చెప్పినవాళ్ళను కూడా వదల్లేదు. తిడుతూనే ఎవరు పెట్టారో చూశాడు.

తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. పక్కన తన లాగిన్.

ఫైలు తెరిచాడు. మొదటి లైన్లో తన మాటే. 'తాత్కాలికం. రేపు సరిగ్గా ఎక్కించాలి.'

అప్పుడు గుర్తొచ్చింది. అక్క కొత్తగా చేరిన రోజులు. నీళ్ళలో నాని ముడతలు పడ్డ ఆమె వేళ్ళను తెర వేళ్ళుగానే గుర్తించేది కాదు. చేతులు తుడుచుకోమన్నాడు సూపర్‌వైజరు. "రోజుకి మూడొందల దుప్పట్లు. ఇవెప్పుడు ఆరతాయిరా," అని ఆమె ఆ చేతులు ఎత్తి చూపించింది. వెనక్కొచ్చి ఈ ఫైల్లో ఒక్క అంకె మార్చాడు. ఆ రేపు మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి ప్రతి మూటలోనూ ఆ అంకె కూడా వెళ్ళింది. చేపలు కడిగేవాళ్ళూ కార్లు కడిగేవాళ్ళూ తడి చేత్తోనే నొక్కుకున్నారు. ఎందుకు పలుకుతోందో వాళ్ళకీ తెలియదు, ఆయనకీ గుర్తులేదు.

ఫైలును కొత్తదానిలోకి ఎక్కించి, ఆగిన చోటి నుంచి నడిపించాడు.

నాలుగున్నరకు స్టోర్స్ అతను ట్రాలీ తోసుకొచ్చాడు. పాతదాన్ని వైర్లతో సహా ఎత్తి పెట్టుకున్నాడు. "సార్, ఫ్యాను కూడా తుక్కు లిస్టులో రాయమంటారా?"

"అది మా ఇంటిదిలే," అన్నాడు బాబాయ్, దాన్ని కొత్తదాని వైపు తిప్పుతూ.

ఐదుకు పదమూడు నిమిషాలుండగా నూరు శాతం. ఒక్క ఎర్రటి అక్షరం లేదు. మూటను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, దాదాపు పరుగులాంటి నడకతో లీడ్ గదికి వెళ్ళాడు.

"మూడోది వచ్చేసిందమ్మా."

ఆ అమ్మాయి ఈసారి ఫోన్ పక్కన పెట్టింది. "మీరు మెయిల్ చూడలేదా బాబాయ్? మధ్యాహ్నం మీటింగులోనే మూడోది తీసేశారు. ఒంటిగంటకే మెయిల్ పెట్టారు."

"మూసేశాను. మెమొరీ చాలట్లేదని."

ఆమె బల్ల మీది పెన్నును అటూ ఇటూ జరిపింది. "సోమవారం నుంచి మీరు..."

"అర్థమైందమ్మా." పెన్‌డ్రైవ్ చూపించాడు. "ఇది తీసుకెళ్ళనా? లాండ్రీ తెరలకి ఎక్కించేసి వస్తా. మనవే కదా."

"తీసుకెళ్ళండి. ఎవరూ అడగరు."

ఆ రెండు మాటలూ ఆయనతోపాటు బల్లదాకా నడిచొచ్చాయి.

సంచిలో టిఫిన్ డబ్బా, గొడుగు పెట్టుకున్నాడు. అక్కకు ఫోన్ చేశాడు. "ఆరింటికల్లా వస్తున్నా. చేతులు తుడుచుకోకు."

"ఏంట్రా, మతి పోయిందా?"

"తుడుచుకోకంతే."

వెళ్ళబోయి ఆగాడు. జేబులోంచి సిరా పెన్ను తీసి, గోడ మీది కాగితం అడుగున ఏదో రాశాడు. ఏ ఫైలు, ఎక్కడ పెట్టాలి, ఎందుకు. మెడలోని ఆఫీసు కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ఫ్యాను ఆపడం మర్చిపోయాడు.

దాని గాలికి కాగితం కింది అంచు గోడ మీద లేచి పడుతూనే ఉంది, ఇంకా తడి ఆరని నలభై ఒకటో లైనుతో.