ముందు ఏం చూశారో చెప్పండి

కోడలు దేవి సంచి నేనే సర్దాను. నాలుగు చీరలు, దువ్వెన, బడికి పట్టుకెళ్ళే గవ్వల సీసా. ఒకప్పుడు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద చేపల వేటకి వెళ్ళిన మా ఆయనకూ సంచి నేనే సర్దాను. ఆయన సముద్రంలో పోయాడు, శవం కూడా దొరకలేదు. అప్పట్నించి సంచి సర్దాలంటే నాకు భయం.

దేవి మా ఊరి బడిలో సైన్సు చెప్పేది. సంచి సర్దడానికి ముందు రోజు మా భావనపాడు ఒడ్డుకి చచ్చిన డాల్ఫిన్ కొట్టుకొస్తే ఆరో తరగతి పిల్లల్ని తీసుకొచ్చింది. చేపలు ఆరబోస్తూ నేనూ విన్నాను. పిల్లలంతా అది చేపే అన్నారు.

"పేరు తర్వాత. ముందు ఏం చూశారో చెప్పండి," అంది దేవి.

మొప్పలు లేవన్నారు. పొలుసుల్లేవన్నారు. నెత్తి మీద ఊపిరి కన్నం ఉందన్నారు. దేవి చేతికి కవరు తొడుక్కుని పొట్ట కింద చీలిక దగ్గర నొక్కితే తెల్లగా పాలు వచ్చాయి. పిల్లకి పాలిచ్చే జాతి అని అప్పుడు రాయించింది. కొడుకు పాత పుస్తకాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, ఆ పాఠం నాకు ఒడ్డు మీదే అర్థమైంది.

పక్కనే వల బాగుచేస్తున్న నా కొడుకు యువరాజు నవ్వాడు.

"మరి మీ టీచరమ్మని ఏ జాతిలో ఏత్తార్రా? ఆరేళ్ళయింది, పాలూ లేవు, పిల్లా లేదు."

పిల్లలూ నవ్వారు. దేవి తలెత్తకుండా వాళ్ళ చేత పట్టిక పూర్తి చేయించింది. సాయంత్రం వాడికి పులుసు వండి పెట్టింది. వాడు తిని చెయ్యి కడుక్కుని, బారువలో పుట్టింటికి పొమ్మన్నాడు. వేరే పిల్లని చేసుకుంటాడట.

వాడి బట్టలు ఉతికేది నేను. రెండేళ్ళ కిందట చొక్కా జేబులో ఆసుపత్రి కాగితం దొరికింది. నాకు ఇంగ్లీషు రాదు. పలాసలో మందుల షాపు అమ్మాయి చదివి, లోపం మగమనిషిదే అంది. వాడేమో తనకు ఏ లోపమూ లేదని అందరికీ చెప్పుకున్నాడు. బయటపెడితే సిగ్గుతో వాడూ వెరావల్ పోతాడని భయపడి, కాగితాన్ని బియ్యం డబ్బా అడుగున దాచాను.

మర్నాడు సంచి అందుకుంటూ దేవి నా కళ్ళలోకి చూసింది.

"అత్తా, ఈ ఇంట్లో నువ్వేటైనా సూసినావా?"

బియ్యం డబ్బా నా వీపుకి ఆనుకునే ఉంది.

"నానేటీ సూడలేదమ్మా," అన్నాను.

ఇప్పుడు రెండో కోడల్ని కూడా ఊరు గొడ్రాలంటోంది. డబ్బాలో బియ్యం నిండుకోకుండా చూసుకుంటాను.

దేవి వెళ్ళింది రెండు వేల ఇరవై రెండు, మార్చి తొమ్మిదిన. తిరిగి రాలేదు.