తలుపు దగ్గర ఇరవై రెండు సెకన్లు

వేసవి సెలవుల్లో పిల్లలకు ఏ సినిమా వెయ్యాలో తేల్చే వంతు ఆ ఏడు నాకొచ్చింది. టోక్యో శివార్లలోని మా హిగాషిమురాయామా క్వార్టర్లలో ఏడాదికొక ఇంటికి వస్తుందది. పదకొండేళ్లు కాచుకుని కూర్చున్నాను. అందరూ మెచ్చిన సినిమానే మళ్లీ వేసేస్తే ఏ గొడవా లేదు, పిల్లలకది నాలుగోసారైనా సరే. నేను మాత్రం ‘మాయలపిల్ల చిగుసా’ వేస్తానన్నాను.

“అదెవరు?” అంది సంఘం పెద్ద నిషివాకి గారు.

అదెవరో చెప్తాను. ముప్ఫై మూడేళ్ల కిందట సాయంత్రం ఐదున్నరకు టీవీలో వచ్చేది. ఏడాది నడవాల్సిన కార్టూన్ కథను ఆరు నెలలకే పీక నొక్కేశారు. ఎందుకంటే చిగుసా చేతిలో మంత్రదండం లేదు. దండం లేకపోతే దానికి డబ్బు పెట్టిన ఆటబొమ్మల కంపెనీ ఏం అమ్ముకుంటుంది? తళతళలాడే గౌను లేదు, వంటింటి ఏప్రనే. ఆమెకున్నదల్లా ఇంటింటికీ తిరిగే నోటీసు అట్ట. చెత్త వేసే రోజులూ, కాలవ శుభ్రం చేసే ఆదివారమూ రాసుంటాయే, చదివి, సంతకానికి బదులు మన పేరు ముద్ర వేసి పక్కింటికిస్తామే, ఆ అట్టే. ఐదు తలుపులు తట్టి ఐదు ముద్రలు వేయించుకుంటేగాని చిగుసాకు మహిమ రాదు. వచ్చినా, బట్టలారేసిన తీగ ఎత్తుకు మించి ఎగరలేదు. రాక్షసులు లేరు. ఆగిపోయిన లిఫ్టు ఉంది. మూడు రోజులుగా బయటికి రాని ముసలాయన ఉన్నాడు.

ఒక్కతే పుట్టి ఒక్కతే లోకాన్ని కాపాడేసే పిల్లల కథలంటే నాకు ఒళ్లుమంట. లోకం ఎప్పుడైనా అలా బాగుపడిందా? భోజనం డబ్బాల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు నిలబడి పనిచేశాను. కూర్చోవడానికి స్టూళ్లు కావాలని అడగడానికి నలభై గుమ్మాలెక్కి సంతకాలు పెట్టించాను. చిగుసా అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పనివాళ్లను జనం త్వరగా మర్చిపోతారు, అంతే.

కూతురి కోసం రికార్డు చేసిన టేపులు అటకమీద ఉంటే దించి, ఆడుతున్నాయో లేదో చూస్తున్నాను. కింది అంతస్తు కువబారా సెత్సు దోసకాయలు పట్టుకొచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నది, నెమ్మదస్తురాలు. టీవీలో ఆఖరి పేర్లు పైకి పోతున్నాయి. ‘రంగులు’ అన్నచోట ఆరు పేర్లున్నాయి. నాలుగోది కువబారా సెత్సు.

“ఏమ్మా, ఇది నువ్వేనా?”

“ఆపెయ్యండి, మాసాయె అక్కా.”

“పదేళ్లుగా చిగుసా, చిగుసా అని నీ చెవిలో ఇల్లు కట్టుకుని మొత్తుకుంటున్నానే! ఒక్కసారన్నా నోరు విప్పావా?”

“విప్పితే మీరు మైకు తెస్తారని.”

ఆ మాటకు నవ్వాను. ఆమె నవ్వలేదు.

“పిల్లలకు ఏ భాగమైనా వెయ్యండి. తొమ్మిదోది మాత్రం వద్దు.”

“అదే కదా అన్నిటికన్నా మంచిది!”

“అందులో తలుపు దగ్గర ఒకచోట బొమ్మ కదలదు. ఇరవై రెండు సెకన్లు. అది నా తప్పు.”

అప్పుడు చెప్పింది. ఆ రోజుల్లో పారదర్శకమైన షీట్ల వెనకవైపు కుంచెతో రంగు వేసేవారు. ప్రతి రంగుకూ ఒక నంబరు. ఏప్రన్ ఒకటే అయినా పగటికొక నంబరు, సాయంత్రానికొకటి. ముసలాయన తలుపు తట్టి చిగుసా ఎదురుచూసే ఘట్టంలో నలభై బొమ్మలు. మాదిరి కోసం రంగుల పని చూసే పెద్దామె మొదటిది వేసి ఇచ్చింది. మిగతా ముప్ఫై తొమ్మిదీ సెత్సు పగటి రంగుల్లో వేసేసింది. కథలో అది సాయంత్రం. మళ్లీ వెయ్యడానికి వ్యవధి లేదు. సరిగా ఉన్న ఆ ఒక్క బొమ్మనే నిలబెట్టి, వెనక చిమ్మెట్ల చప్పుడు పెట్టి, టీవీకి పంపేశారు.

“ఎవరూ నన్నేమీ అనలేదు. కానీ ఆ వారమే చూసేవాళ్లు తగ్గిపోయారట. నేనా పని మానేశాను. చిగుసాను ఇంతవరకూ చూడలేదు.”

“కంపెనీవాడు అమ్ముకోవడానికి దండం లేదని చంపేస్తే నువ్వు నెత్తినేసుకుంటావేంటే పిచ్చిదానా? ఆ ఘట్టం చూసి నేను ఏడ్చాను!”

“మీరు పెద్దవాళ్లు. అది పిల్లల కోసం తీసింది. పిల్లలకు విసుగేసిందా లేదా, అదొక్కటే లెక్క.”

“అయితే పిల్లల్నే అడుగుదాం.”

రెండు రోజులు నా కంటపడలేదు. మూడో రోజు మెట్ల దగ్గర ఎదురై, “సరే, తొమ్మిదోదే వెయ్యండి. నేనూ వస్తాను. నా సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దు,” అంది.

ఆగస్టు పదో తేదీ, మధ్యాహ్నం రెండు. సంఘం హాలు కిటికీలకు దుప్పట్లు కట్టాం. చాపలమీద ఇరవై ఒక్కమంది పిల్లలు, తలా ఒక పుల్లఐసు. నిషివాకి గారు సంచితో వచ్చింది. సంచిలో ఆ నాలుగోసారి సినిమా.

“ఏమనుకోకండి మాసాయె గారూ, పిల్లలు లేచిపోవడం మొదలెడితే ఇది పెట్టేస్తాను.”

“లేస్తే కదా!”

నేను ముందు నిలబడి చిగుసా గొప్పతనం గురించి నాలుగు మాటలు మొదలెట్టాను. నలభై అయినట్టున్నాయి. ఒకడు బోర్లా పడుకున్నాడు. సెత్సు వెనకనుంచి నా చొక్కా పట్టి లాగింది.

“కూర్చోండక్కా. మీరే లేపి పంపించేట్టున్నారు.”

కూర్చున్నాను.

“దండమేదీ?” అన్నారెవరో మొదటి నిమిషంలోనే. “అది మా ఇంటికొచ్చే అట్టే!” “అయితే నువ్వూ ఎగురు చూద్దాం!” చిగుసా తీగమీది లాగు మొహానికి చుట్టుకుని దబ్బున పడితే హాలంతా దొర్లారు. నాలుగు ముద్రలు పడ్డాయి. ఐదో తలుపు హిరోసె అనే ముసలాయనది. చిగుసా తట్టింది.

“లోపల ఎవరైనా ఉన్నారా అండీ?”

బొమ్మ ఆగిపోయింది. సాయంత్రపు ఎండ, ఏప్రన్ ముడి, మూసిన తలుపు. చిమ్మెట్లు. సెత్సు ఒళ్లో చేతులు పెట్టుకుని పెదవులతో లెక్కపెడుతోంది. నాలుగు. ఐదు. ఆరు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిషివాకి గారి సంచి జిప్పు సర్రుమంది. వెనక వరసలో ఒకడు మోకాళ్లమీద లేచాడు. సెత్సు మొహం పక్కకు తిప్పేసింది.

“ఉన్నానండీ!” అంది ముందు వరసలో ఐదేళ్ల ఫుకి.

తలుపు దగ్గర ఎవరైనా పిలిస్తే పలకాలి కదా. వాళ్లమ్మ నేర్పిన మర్యాద అది.

“నిన్ను కాదే, తాతయ్యని!”

“తాతయ్య ఉన్నాడు, చూడు, చెప్పులక్కడే ఉన్నాయి!” అన్నాడు మోకాళ్లమీద లేచినవాడు. తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించాడు.

“పాలసీసాలు మూడున్నాయి. మూడు రోజుల్నుంచి తీసుకోలేదు!”

“ఒంట్లో బాగాలేదేమో!”

“తాతా, తలుపు తియ్యి! మేమే!”

ఇరవై ఒక్క గొంతులు. అరుస్తుండగా తలుపు అంగుళమంత తెరుచుకుంది. అప్పుడు లేచిన కేకకు పక్క బ్లాకువాళ్లు బాల్కనీల్లోకి వచ్చారని తర్వాత తెలిసింది. ముద్ర ఎక్కడ పెట్టాడో మర్చిపోయిన హిరోసె తాత అట్టమీద బొటనవేలు ఒత్తాడు. మహిమ దానికీ వచ్చింది.

సెత్సు లెక్క మర్చిపోయింది. ఎక్కడ ఆగిందని నేను అడగలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చుంది. ఈ రంగులు వేసింది ఈమేనర్రా అని అరవాలని నాకు నాలుక దురద పెట్టింది. మాటిచ్చాను కనక పళ్లు బిగబట్టుకున్నాను. అంతకంటే కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

నిషివాకి గారు జిప్పు మళ్లీ వేసుకుంది. “చెప్పులు నేనూ చూడలేదు సుమండీ,” అంది.

కథ అయిపోయింది. పుచ్చకాయ కొయ్యడానికి లేచాను. ఒక్కడూ కదల్లేదు.

“తలుపు దగ్గర మళ్లీ వెయ్యండి, పెద్దమ్మా!”

“తర్వాతి కథ వెయ్యనా?”

“వద్దు, తలుపే! తలుపే!”

నా చేతినిండా పుచ్చకాయ రసం. రిమోటు పట్టలేను. ఎవరందుకుంటారా అని చూసేలోగా సెత్సు లేచి, పిల్లల మధ్యనుంచి కాళ్లు తొక్కకుండా నడుచుకుంటూ ముందుకు వెళ్లింది. రిమోటు తీసుకుని ఫుకి పక్కన చాపమీద కూర్చుంది.

“ఎక్కడ్నుంచి వెయ్యమంటారు?”

“తట్టిన దగ్గర్నుంచి!”

“సరే, ఈసారి నేనూ పిలుస్తాను,” అని టేపు వెనక్కి తిప్పింది.