అంబ్రోసియో తాత నిజం చెప్పిన రోజు

అంబ్రోసియో తాత నోట నిజం రావడమూ, ఎండుచేప ఈదడమూ ఒకటేనని గిమరాస్ దీవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి పడవెక్కి పట్నం ఆసుపత్రికి వచ్చిన నాటి నుంచీ మగవాళ్ల వార్డులో ఆయన కథే కథ. కుర్రతనంలో గాలానికి పడ్డ వంజరం ఒకటి ఆయన పడవను లాక్కుపోయి, ఏకంగా సముద్రం అవతల పలావన్ రేవులో కట్టేసిందట! పొద్దున బారెడున్న చేప మధ్యాహ్నం గంజి తాగేసరికి పడవంత అయ్యేది. పక్కన కూర్చుని విసనకర్రతో విసిరే ఆయన భార్య పాసింగ్ ఊరుకునేదా?

"అదిగో, మళ్లీ పెరిగింది. ఇక ఈ మంచం చాలదు. పక్క మంచాయన్ని కాస్త లేవమనండి" అని దెప్పేది.

ఆపరేషన్ అయిన మర్నాడు క్లారిబెల్ నర్సు తాత చేతికి బీపీ పట్టీ చుడుతూ అలవాటుగా ఆటపట్టించింది.

"ఏం తాతా, మన చేప ఇవాళ ఎంతుంది?"

తాత కళ్లు తెరవలేదు. "ఎంతో లేదమ్మా. జానెడు. అదీ నేను పట్టింది కాదు, మా బావమరిది పట్టాడు."

వార్డు గొల్లుమంది. పాసింగ్ విసనకర్ర పక్కన పడేసి శిలువ గుర్తు వేసుకుంది. "మరియమ్మ తల్లీ! ఇన్నాళ్లకు నా మొర విన్నావు. రాళ్లతోపాటు అబద్ధాల తిత్తి కూడా కోసేసినట్టున్నాడు డాక్టరు!"

క్లారిబెల్‌కు మాత్రం నవ్వు రాలేదు. బీపీ బాగానే ఉంది, జ్వరం లేదు. అయినా పుట్టుకతో వచ్చిన గుణం ఒక్క పూటలో పోతుందా? మణికట్టు పట్టుకుంది. నాడి పొద్దుటికంటే పరుగు మీదుంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. పాదాలు ఐసులో పెట్టిన చేపల్లా ఉన్నాయి. మూత్రం సంచీలో అడుగు కూడా తడవలేదు.

లోపల రక్తం కారుతుంటే బీపీ చివరిదాకా పరువు కాపాడుకుంటుందని ఆమెకు తెలుసు. అది పడిపోయేదాకా ఆగితే మనిషి దక్కడు. కాని మొన్ననే ఒకాయనకు గుండెపోటంటూ ఆమె డాక్టర్ని పరుగెత్తిస్తే, అది పనసతొనలు తిన్న తేన్పని తేలింది. అప్పటినుంచీ తోటి నర్సులు ఆమెను 'పనసమ్మా' అని పిలుస్తున్నారు. పిలిస్తే పిలవనీ అనుకుంటూ తాత ముక్కుకు ఆక్సిజన్ తగిలించి, ఫోనెత్తింది.

"డాక్టరు గారూ, తాతకు లోపల రక్తం కారుతోందేమోనండీ."

"బీపీ ఎంతుంది?"

"బాగానే ఉంది. కాని నాడి వేగం పెరిగింది, ఊపిరి అందట్లేదు, కాళ్లు చల్లబడ్డాయి, మూత్రం రావట్లేదు." కాస్త తటపటాయించింది. "పైగా... నిజం చెప్పాడండీ."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"ఎవరు, అంబ్రోసియోనా?"

"ఆయనేనండీ."

"రక్తం తెప్పించు. వచ్చేస్తున్నా."

వచ్చాడు, స్కాన్ తీయించాడు. కడుపులో రక్తం మడుగు కట్టింది. తాతను మళ్లీ ఆపరేషన్‌కు తోసుకుపోతుంటే పాసింగ్ తలుపుదాకా బండి వెంట పరుగెత్తి, అక్కడే కూలబడింది.

"నిజం చెప్పాడని సంబరపడ్డానమ్మా, పాపిష్టిదాన్ని! ఆయన్ని ఆయనలాగే నాకిచ్చెయ్యమను డాక్టర్ని. ఇంకెప్పుడూ పల్లెత్తు మాటనను."

"ఆ మాట గట్టిగా అనకు అమ్మమ్మా, వార్డంతా సాక్ష్యం" అంది క్లారిబెల్, ఆమె పక్కనే నేలమీద కూర్చుంటూ.

మర్నాడు తాతకు ముఖంలో కాస్త రంగు వచ్చింది. పెదవులు తడుపుకుని, అందరూ తనవైపు చూస్తున్నారని రూఢి చేసుకున్నాక గొంతు సవరించాడు.

"రెండోసారి కోసేటప్పుడు నాకు మత్తు ఎక్కనేలేదర్రా. పాపం డాక్టరు, రక్తం కారేచోటు కనబడక తంటాలు పడుతుంటే, లేచి కూర్చుని దీపం నేనే పట్టాను."

క్లారిబెల్ నవ్వింది గాని, నాడి లెక్క పూర్తయ్యేదాకా ఆయన మణికట్టు వదల్లేదు. వార్డంతా పాసింగ్ నోటివైపు చూసింది. ఆవిడ మొగుడి దుప్పటి సవరించి, ఎటో చూస్తూ అంది:

"అవును. చెయ్యి నొప్పెడుతోందంటే, కాసేపు దీపం నేను పట్టుకున్నాను."