చేపల మీద పొడి

చేపల రేవు పక్క కాలువ మీది పాత వంతెనకి నెలనెలా క్షేమపత్రం రాసి సంతకం పెట్టేది ఇంజనీరు గౌరీశ్వరి. ఉక్కు చుట్టలు మోసే ట్రైలర్లన్నీ దాని మీదుగానే పోర్టుకి పోతాయి. దూలాలు ఎంత వంగుతున్నాయో కొలిచి, తీగ లేకుండానే కబురు పంపే చిన్న పెట్టెలు కింద బిగించారు.

నడిమి దూలం పెట్టె రోజూ కాసేపు మూగబోయేది. పోయిన కొలతల స్థానంలో, ముందూ వెనకా అంకెలు చూసి సాఫ్ట్‌వేర్ కొత్తవి అల్లేది. అసలువి వారం రోజుల పాటు పెట్టెలోనే ఉంటాయి, అడిగితే మళ్లీ పంపుతుంది. కానీ అడిగితే ఆలస్యం, బ్యాటరీ దండుగ. అల్లిన అంకెలు చాలన్నారు పై అధికారి నీలకంఠం గారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, గౌరీశ్వరీ ఎదురు చెప్పలేదు.

ఓ మధ్యాహ్నం బ్యాటరీలు చూద్దామని వంతెన కిందికి దిగింది. ఆ నీడలో చిట్టమ్మా, మరో నలుగురు ఆడవాళ్లూ ఎండుచేపలు ఏరుతున్నారు. చిట్టమ్మ చేట దులుపుతోంది. పైన నడిమి దూలం నుంచి పొడి రాలుతోందని నాలుగు రోజుల కిందట కూడా చెప్పింది. గుడ్డ కప్పుకోమని గౌరీశ్వరి నవ్వేసి వెళ్లిపోయింది.

"ఒక బండెక్కితే ఏటీ నేదమ్మా," అంది చిట్టమ్మ. "మూడు బళ్లు ఒక్కపాలే ఎక్కితే రాల్తంది. ఇందాక పదకొండున్నరకీ రాలింది."

గౌరీశ్వరి ల్యాప్‌టాప్ తెరిచింది. పెట్టె మూగబోయింది సరిగ్గా పదకొండున్నరకే. నిన్న, మొన్న ఎప్పుడు రాలిందో అడిగింది. చిట్టమ్మ చెప్పిన ప్రతి వేళకీ తెరమీద ఒక పూడ్చిన ఖాళీ ఉంది.

ఆమె తలెత్తి పైకి చూసింది. కబుర్లు అందుకునే యంత్రం రోడ్డుకి అవతల స్తంభం మీద ఉంది. మూడు ట్రైలర్ల ఇనుము అడ్డం వస్తే కబురు దాటదు. అంటే బరువు ఎక్కువైనప్పుడే పెట్టె గొంతు పోతోంది. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీలని బరువు లేనప్పటి అంకెలతో పూడ్చింది. ఇన్నాళ్లూ ఆమె సంతకం పెట్టింది ఖాళీ వంతెనకి.

పెట్టెని అసలు కొలతలు అడిగింది. పన్నెండు మిల్లీమీటర్లు దాటి వంగకూడదు. సాఫ్ట్‌వేర్ అన్నిచోట్లా అయిదు అని రాసింది. పెట్టె నుంచి మొదట పద్నాలుగు వచ్చింది. కాసేపటికి పదిహేడు. చివరిది ఈరోజుది, పంతొమ్మిది.

అంతలో పైన ట్రైలర్ హారన్ మోగింది. వెనకాలే మరో రెండు.

"పిన్నీ, చేటలు వదిలేసి అందరూ బయటికి పొండి," అని, గట్టెక్కి పరుగెత్తింది. వంతెన మొదట్లో ఉన్న తన స్కూటీని రోడ్డుకి అడ్డంగా తోసింది. ముందు ట్రైలర్ ఆగుతుందో ఆగదో తెలియలేదు. కళ్లు మూసుకుంది. బ్రేకుల చప్పుడు మూరెడు దూరంలో ఆగింది.

సంగతి చెబితే నీలకంఠం గారు ఫోన్లో మండిపడ్డారు. క్షేమమని రాసింది నువ్వే కదా, కింద సంతకం నీదే కదా అన్నారు.

"నాదే సార్. అది తప్పు సంతకం. వంతెన మూయించండి," అంది.

పోలీసులొచ్చి తాడు కట్టేదాకా స్కూటీ పక్కనుంచి కదల్లేదు. చిట్టమ్మ బుట్టతో గట్టెక్కి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాలుగు రోజులనించీ సెప్తన్నాను కదమ్మా," అంది మెల్లగా. "నాను సెప్పింది నీ పెట్టిలోకి ఎల్లదా?"

గౌరీశ్వరి రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.