లులువా తమ్ముడు

సౌదీలోని అభా విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో వచ్చిన ఆ సన్నటి ముసలాయనను చూసి, ఈయన కోసమేనా లండన్ నుంచి అంతమంది అన్నిసార్లు ఫోన్లు చేసింది అనుకుంది ఖాలిదా. ఆయన పేరు యహ్యా నజ్రానీ. ఎనభై దాటిన మనిషి, గుండె బలహీనం. ప్రయాణం వద్దని పిల్లలు ఎంత చెప్పినా వినలేదట. వినకపోతే పోనీ, వెంట ఒక నర్సయినా ఉండాలని పట్టుబట్టి, ఖాలిదా పనిచేసే ప్రైవేటు ఆసుపత్రితో మాట్లాడుకున్నారు. ఆమె మొగుడు సుభాన్ ఎటూ టూరిస్టు కారు నడుపుతాడు కాబట్టి కారు పనీ వాళ్ళకే వచ్చింది. రాయచోటి నుంచి వచ్చి అభా కొండల మీద స్థిరపడిన ఆ ఆలుమగలకు, ఇద్దరూ కలిసి ఒకే పని మీద బయలుదేరడం అదే మొదటిసారి.

నజ్రాన్ పోవాలన్నాడాయన. కారు ఘాటు దిగుతుండగా సుభాన్‌తో అరబ్బీలో మాట్లాడటం మొదలుపెట్టాడు. అది పుస్తకాల అరబ్బీ కాదు, టీవీలో వినిపించేదీ కాదు. సంతలో మేకలమ్మే ముసలివాళ్ళ మాటలా ఉంది.

"ఈయన మాట సూడు మే. ఈడి పల్లెటూరి తాతల మాదిరే మాట్లాడతాండాడు," అన్నాడు సుభాన్ తెలుగులో.

అదేం భాష అని అడిగాడు పెద్దాయన. ఖాలిదా చెప్పింది. తానూ ఇక్కడివాడినేనని, నజ్రాన్‌లోనే పుట్టానని ఆయన అన్నాడు. తర్వాత తాము యూదులమని చెప్పాడు. సుభాన్ అద్దంలోంచి ఒకసారి ఆయనను చూసి, మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు. ఖాలిదా యూదు మనిషిని చూడటం అదే మొదలు. మాత్రలు వేసుకునే వేళయిందని నీళ్ళ సీసా అందించింది.

ఆయన తన కథంతా ఆ దారిలోనే చెప్పాడు. తండ్రి వెండిపని చేసేవాడు. బాకుల ఒరలకు, పెళ్ళికూతుళ్ళ నగలకు ఆయన చేతిపని కావాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. యహ్యాకు ఆరేళ్ళప్పుడు నజ్రాన్‌లో ఉన్న కొద్దిపాటి యూదు కుటుంబాలన్నీ ఒక్కసారిగా కదిలి కొండలమీదుగా ఏడెన్ రేవుపట్నానికి నడిచాయి. సరిగ్గా బయలుదేరే వారంలో అక్కకు విషజ్వరం పట్టుకుంది. పదమూడేళ్ళ పిల్ల, పేరు లులువా. అంటే ముత్యం. మోసుకుపోతే దారిలోనే పోతుంది, ఆగిపోదామంటే వెంట వచ్చేవాళ్ళు ఆగరు. పక్కింటి ముబారక్ తండ్రికి ప్రాణస్నేహితుడు. "నా బిడ్డల్లో ఒక బిడ్డ. తగ్గగానే నేనే తెచ్చి అప్పజెపుతాను," అని ఆయన మాటిచ్చాడు. ఆ తర్వాత దారులు మూసుకుపోయాయి. ఏడెన్‌లోని శిబిరంలో తండ్రి వచ్చేపోయే ప్రతివాణ్ణీ నజ్రాన్ సంగతులడుగుతూ, ఆ దిగులుతోనే పోయాడు.

తల్లీ కొడుకూ ఓడెక్కి ఇంగ్లండు చేరారు. పద్నాలుగేళ్ళకు యహ్యా రేవులో ఒక మంచు గిడ్డంగిలో పనికి కుదిరాడు. మాంసం, చేపలు మోసేవాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆ యంత్రాలెలా పనిచేస్తాయో చూస్తూ నేర్చుకున్నాడు. తర్వాత పాతపడ్డ శీతల లారీ ఒకటి కొని బాగుచేశాడు. ఒకటి పది అయింది, పది వందలయ్యాయి. మందులూ టీకాలూ చెడిపోకుండా ఖండాలు దాటించడంలో ఆయన కంపెనీని మించింది లేదనిపించుకున్నాడు. సంపాదించినదాంట్లో సగానికి పైగా పసిపిల్లల ఆసుపత్రులకే పెట్టాడు. ఆఫ్రికాలో ఉన్నాయి, యెమెన్‌లోనూ ఉన్నాయి. ఎక్కడ కట్టించినా జ్వరాల వార్డు మాత్రం తానే దగ్గరుండి చూసుకునేవాడట.

"అందరూ మెచ్చుకున్నారు," అన్నాడాయన. "అక్కను వదిలిపెట్టి వచ్చినవాణ్ణని ఎవరికీ తెలియదు."

ఇన్నేళ్ళూ రావడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు వీసా సులువయింది. ముబారక్ కుటుంబం అదే ఊళ్ళో ఉందని మాత్రం ఎవరినో పెట్టి తెలుసుకున్నాడు. అక్క ఉందో లేదో తెలియదు. ఉన్నా పరాయి మగవాణ్ణి ఆడవాళ్ళ గదిలోకి రానివ్వరు. "నువ్వు వెళ్ళగలవు," అన్నాడు ఖాలిదాతో. వెంట నర్సు ఉండటానికి ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో అప్పటికి గాని ఆమెకు అర్థం కాలేదు.

పెట్రోలు బంకు దగ్గర సుభాన్ ఆమెను పక్కకు పిలిచాడు. అతని ముఖం వాడిపోయింది. పెద్దింటి వ్యవహారం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి పంపించేస్తారని అతని భయం. ఖాలిదాకూ భయంగానే ఉంది.

"సూసి రమ్మంటాండాడు, అంతే గదా," అంది చివరికి. "ఈ వయసులో ఇంకెవరిని అడుగుతాడు?"

ముబారక్ ఇల్లు ఖర్జూర తోటల అంచున ఉంది. పాత మట్టిమేడ పక్కనే కొత్త సిమెంటు మేడ లేచింది. ముబారక్ మనవడు హమద్ ఎదురొచ్చాడు. బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, నెరిసిన గడ్డం. ఎవరు, ఎందుకొచ్చారు అని అడక్కుండానే మగ అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి కాఫీ, ఖర్జూరాలు పెట్టాడు. తన తండ్రి ఒకప్పుడు ఇక్కడ వెండిపని చేసేవాడని, ముబారక్ స్నేహితుడని, ఆ ఇంటికి సలాం చెప్పుకుపోదామని వచ్చానని యహ్యా చెప్పాడు. హమద్ చేతిలోని కాఫీ కూజా ఒక్క క్షణం ఆగింది. తర్వాత గిన్నెలు నింపుతూ పోయాడు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నారని అడిగాడు యహ్యా. అమ్మ ఉంది, తుంటి ఎముక విరిగి మంచం పట్టిందన్నాడు హమద్. ఈ అమ్మాయి నర్సు, మీరు సరేనంటే ఒకసారి చూస్తుందన్నాడు యహ్యా.  హమద్ లేచి ఒక మనవరాలిని పిలిచి, ఖాలిదాను లోపలికి తీసుకెళ్ళమన్నాడు.

కిటికీ పక్క మంచం మీద ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేతులకు గోరింటాకు ఎర్రగా పండి ఉంది. ఇంట్లో ఆడపిల్లలు ఆమెను ముద్దుగా చూసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఖాలిదా బీపీ చూసింది, నాడి చూసింది, వీపు మీది పుండు చూసింది. కట్టు మార్చాలి, వేడినీళ్ళు కావాలంది. మనవరాలు వంటింట్లోకి వెళ్ళింది. ఖాలిదా వంగి ముసలమ్మ చెవిలో మెల్లగా అంది.

"లులువా."

 ముసలమ్మ మెల్లగా ఇటు తిరిగి ఖాలిదా మణికట్టు పట్టుకుంది.

"ఎవరు చెప్పారు నీకా పేరు?"

"యహ్యా. బయట మజ్లిస్‌లో ఉన్నాడు."

ఆమె తలుపు వంక చూసింది. ఆ తలుపుకూ మజ్లిస్‌కూ మధ్య ఒక వరండా, అంతే. పెద్దగా పిలిస్తే ఆయనకు వినపడుతుంది. ఆమె పిలవలేదు. సొంతంగా నడుస్తున్నాడా అని అడిగింది. చేతికర్ర సాయంతో నడుస్తాడని ఖాలిదా చెప్పింది. పిల్లలున్నారా అంటే ఉన్నారంది. అమ్మ సంగతి అడిగింది. ఖాలిదా తల అడ్డంగా ఊపింది. ముసలమ్మ కళ్ళ నుంచి నీళ్ళు చెవులమీదికి జారాయి.

"ఏ ఒంటెల బిడారు వచ్చినా పరిగెత్తేదాన్ని," అంది. "ఏళ్ళ తరబడి పరిగెత్తాను. తర్వాత ఈ ఇంటి కొడుకునే చేసుకున్నాను. హమద్ పుట్టాక మానుకున్నాను."

"ఒక్కసారి చూడండమ్మా. మీరంటే మీ అబ్బాయి కాదనడు."

"వాడు కాదనడు. ఊరంటుంది. ఈ ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారు. వీళ్ళ నాయనమ్మ యూదు మనిషా అని రేపు అడుగుతారు." ఊపిరి కూడదీసుకుంది. "తమ్ముడితో చెప్పు. ఆ పిల్ల ఆ ఏడే జ్వరంతో పోయిందని చెప్పు."

నీళ్ళ గిన్నెతో మనవరాలు వచ్చింది. ముసలమ్మ ఖాలిదా చెయ్యి వదిలేసి కళ్ళు మూసుకుంది. ఖాలిదా కట్టు మార్చింది. 

మజ్లిస్ గుమ్మంలో ఆమె ముఖం చూడగానే లోపలున్నది అక్కేనని యహ్యాకు అర్థమైపోయింది. వెంటనే హమద్ వైపు తిరిగాడు. లండన్‌లో తనకు మంచి వైద్యులున్నారు, కావాలంటే రేపే విమానం రప్పిస్తాను, మీ అమ్మగారిని తీసుకెళ్దాం అన్నాడు. మా అమ్మకు ఏ లోటూ లేదన్నాడు హమద్. పోనీ వైద్యులనే ఇక్కడికి పిలిపిస్తానన్నాడు యహ్యా. ఇక్కడా మంచి డాక్టర్లు చూస్తున్నారన్నాడు హమద్. ఊళ్ళో ఏదైనా ఆసుపత్రి కట్టిస్తానన్నాడు. ఉన్నది చాలన్నాడు హమద్. ఎన్నో దేశాల్లో తలుపులు తెరిపించిన మనిషి, ఇవ్వడానికి ఇంకేమీ తోచక, తాగేసిన కాఫీ గిన్నెను చేతిలో తిప్పుతూ కూర్చుండిపోయాడు.

కారులో ఖాలిదా ఉన్నదున్నట్టు చెప్పింది. మార్చి చెప్పాలనిపించింది గానీ ఎలా మార్చాలో తెలియలేదు.

"జ్వరంతో పోయిందని ఎవరన్నారు?" అని అడిగాడాయన.

"ఆమే అన్నారు సార్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. 

మర్నాడు పొద్దున అభాకు తిరిగిపోవాలి. కానీ ఒక్కసారి ఆ వీధిలోకి పోనివ్వమన్నాడు. సుభాన్ ఖాలిదా వైపు చూసి కారు తిప్పాడు. ఖర్జూర తోట పక్క ఆపించి, ఆయన ఆ ఇంటి కిటికీలనే చూస్తూ కూర్చున్నాడు. ఎండెక్కింది. బీపీ పెరుగుతోంది, పోదామని ఖాలిదా చెప్పింది. ఇంకాసేపన్నాడు. మళ్ళీ చెబితే మళ్ళీ అదే మాటన్నాడు. చిన్నప్పుడు అక్క తనను చంకనెత్తుకుని బావికి తీసుకెళ్ళేదని, ఆ బావి ఈ తోటలోనే ఎక్కడో ఉండాలని అన్నాడు. దిగి వెతుకుదామంటే కాళ్ళు సహకరించలేదు. సుభాన్ ఒక్కడే వెళ్ళి తోటంతా తిరిగి వచ్చాడు. బావి పూడిపోయినట్టుంది, కనపడలేదు.

అప్పుడు ఆ ఇంటి గేటు తెరుచుకుంది. హమద్ ఒక్కడే నడిచొచ్చి కారు పక్కన నిలబడ్డాడు.  సుభాన్ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. యహ్యా అద్దం దించాడు.

"అమ్మ నిన్నటి నుంచి ఏడుస్తోంది," అన్నాడు హమద్. గొంతులో కోపం లేదు. "కిటికీలోంచి ఈ కారు కనబడుతోంది. మీరిక్కడ ఉన్నంతసేపూ అన్నం ముట్టదు. వెళ్ళిపోండి, ఖాల్."

వయసులో పెద్ద అయిన ఏ మగవాణ్ణయినా ఇక్కడివాళ్ళు అమ్మ్ అంటారు, అంటే చిన్నాన్నో పెదనాన్నో అన్నట్టు. ఖాల్ అంటే అలా కాదు. అమ్మ తోడబుట్టినవాడు. మేనమామ. ఆ మాట విని ఖాలిదా తలెత్తింది. యహ్యా చెయ్యి బయటికి చాచాడు. హమద్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వంగి, తన నుదుటికి ఆనించుకున్నాడు. వీధి చివర ఎవరో వస్తున్న అలికిడి కాగానే వదిలేశాడు. వదిలేసి, సుభాన్ ఫోన్ నంబరు అడిగి రాసుకుని వెళ్ళిపోయాడు.

"పోనివ్వు," అన్నాడు యహ్యా.

చలికాలంలో హమద్ నుంచి ఫోనొచ్చింది. అమ్మ పోయిందని, సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత ఖననం చేశామని, చెప్పాల్సిన వాళ్ళకు చెప్పమని అన్నాడు. యహ్యా పేరు ఎత్తలేదు. సుభాన్ ఆ మాట ఖాలిదాకు చెప్పి ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పల్ల. నా వల్ల గాదు," అన్నాడు.

లండన్‌లో ఆయనే ఎత్తాడు. ఖాలిదా చెప్పింది.  తమ ఆచారం ప్రకారం పోయినవాళ్ళ కోసం ఏడు రోజులు నేలమీద కూర్చోవాలని, ఇంట్లోవాళ్ళు ఎవరి కోసమని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదని అన్నాడు. లులువా జ్వరంతో చనిపోయిందని తన తల్లి ఏనాడో ఇంట్లో అందరికీ చెప్పేసిందట.

"బాగా సాగనంపారా? దగ్గరివాళ్ళందరూ ఉన్నారా?"

అవునని చెబితే ఆయన ప్రాణానికి కాస్త నిమ్మళంగా ఉంటుందని ఖాలిదాకు తెలుసు. నోరు రాలేదు.

"నాకు తెలీదు సార్," అంది. "నేను లేనక్కడ."

"నేనూ లేను," అన్నాడాయన.